మంద గింజలు

పాము బుసకొట్టి కాటేస్తుంది. గడీ గుమాస్తా రఘుపతి మాత్రం "తమ్మీ, మీ నాయినకు ఎట్లున్నది?" అని అడిగి కాటేస్తాడు. ఈ సంగతి కురుమ ఐలేశానికి తెలిసేసరికి ఆ ఏటి మొదటి వాన కురిసిపోయింది.

అంతకుముందు ఐలేశమంత ధీమాగా ఉన్న మనిషి దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకొకడు లేడు. సంఘం వాళ్లు దొర బీళ్లు పంచినప్పుడు అతని వంతుకు రాళ్లచెల్క అనే మెట్టచేను వచ్చింది. రాళ్లేరి, దున్ని, ఒక పంట జొన్న ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాత యూనియన్ సైన్యం దిగింది, రజాకార్లు చెదిరిపోయారు, సైన్యం వెనకే పట్నంలో దాక్కున్న దొర కూడా గడీకి తిరిగొచ్చాడు. పంచిన భూములు ఒక్కొక్కటే మళ్లీ గడీ కిందికి పోతున్నాయి. రాళ్లచెల్క మీదికి మాత్రం ఎవరూ రాలేదు. దాన్ని దున్నింది ఐలేశమని ఊరంతా చూసింది. చేతిలో కాగితం లేకపోయినా ఊరి పెద్దల మాట ఉంది. తగాదా వస్తే ఆ మాట మీదే తేల్చుకోమని సైన్యం క్యాంపు అధికారి కూడా చెప్పిపోయాడు. ఆ ఒక్క చెల్క నిలబడితే చాలు, ఇక ఎవడి వాకిట్లోనూ చెప్పులు చేతబట్టుకుని నిలబడే పని లేదనుకున్నాడు ఐలేశం.

ఆ చలికాలమే తండ్రి గుర్వయ్యకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఏటా ఎండలు ముదరగానే ఐలేశం మందను అమ్రాబాద్ అడవి అంచుకు తోలుకుపోయేవాడు. ఇప్పుడు పోతే ముసలాయనను పక్కకు తిప్పేదెవరు, నోట్లో గట్క పెట్టేదెవరు? పోకపోతే ఇల్లెట్లా గడుస్తుంది?

మూలన పడ్డ గుంతమగ్గాన్ని దులిపాడు. ఆ ఊళ్లో కురుమలు ఎవరి గొంగడి వాళ్లు నేసుకోవడమే తప్ప అంగడికి నేసినవాడు లేడు. ఐలేశం నాలుగిళ్ల ఉన్ని ఒకచోట చేర్చాడు. వడికే ఆడవాళ్లకు కూలి కింద జొన్నలిస్తానన్నాడు. వానలు పడేలోపు దేవరకొండ అంగట్లో గొంగళ్లు పరిచి కూచుంటానన్నాడు. నవ్వినవాళ్లను నవ్వుకోమన్నాడు.

తండ్రి మంచం మగ్గం పక్కనే వేశాడు. ముసలాయన ఎడమచేతిలో ఒక తాడు, దాని రెండో కొస ఐలేశం నడుముకు. తాడు గుంజితే మగ్గం గుంతలోంచి లేచి రావాలి. ఒంటికైనా గుంజేవాడు, దాహమైనా గుంజేవాడు, ఏమీ లేకపోయినా గుంజేవాడు.

"ఏందే నాయినా?"

"ఏం లేదురా. బతికున్ననో లేదో సూస్కుంటున్న."

"నువ్వు సచ్చుడు కాదు, గీ తాడుతోని నేను సస్త."

మంద వెంట భార్య సోమమ్మ పోయేది. దారిలో కురుమ పెద్ద చెన్నయ్య ఊరుకునేవాడు కాదు. "ఏమే కోడలా, మొగడు ఇంట్ల, నువ్వు గుట్టల. దునియా తిరగవడ్డది గదనే!"

"అవు మామా. నువ్వు గూడ జర చీర గట్టుకొని రా, మా ముసలాయనకు గట్క పెడుదువు గని."

ఇల్లు ఆ తీరున నడుస్తుండగానే రఘుపతి వచ్చాడు. పూర్వం గడప బయటి నుంచే "ఓరి ఐలిగా" అని అరిచిన నోరు అది.

"తమ్మీ, మీ నాయినకు ఎట్లున్నది?"

"గట్లనే ఉన్నది పంతులు. ఏంది గిట్లొచ్చినవ్?"

"నీ మంద గీ యేడు ఊళ్లెనే ఉన్నదట గదా. వాగొడ్డు చెల్కలల్ల వరుసగ పెట్టు. దూరం వోయే పని లేదు, మీ నాయిన పక్కకే ఉంటవు. గడీ తరఫున మంద గింజలు నేను కొలుస్త."

కోతలయ్యాక రాత్రిపూట గొర్రెలను చెలకలో నిలబెడితే ఎరువు పడుతుంది. అందుకు చేను గల ఆసామి గొర్లకాపరికి గింజలు కొలవాలి. ఊరంతా కొలిచేది, గడీ తప్ప.

"గడీ కొలుస్తదా? మా తాత నాటి నుంచి వెట్టికే పెట్టిచ్చుకున్నరు గదా!"

"గా దినాలు వోయినయ్ తమ్మీ."

"నా రాళ్లచెల్క గూడ గా వరుసలనే ఉన్నది."

"ఉండనీ. నడుమ ఒక్కటి ఇడిశిపెడ్తే ఏం బాగుంటది? దానికి గూడ కొలుస్త. చావడి కాడ, నలుగురి ముంగటనే కొలుస్త."

సోమమ్మ ఆ మాట విని చీపురు కింద పడేసింది. "మన చెల్కల మన మంద వెట్టుకుంటే గాయనకేం పుట్టింది గింజలిచ్చెటందుకు?"

"భయం పుట్టింది. మూడు తరాల వెట్టి కక్కుతాండు. కక్కనీ."

"గుమాస్త కక్కంగ నేనెన్నడు సూడలె."

"వడికెటోళ్లకు జొన్నలు నువ్వు తెస్తవా మరి?"

ఆమె దగ్గర జొన్నలు లేవు. ఐలేశం దగ్గర పొగరు నిండా ఉంది.

వరుసగా మంద పెట్టాడు. చావడి ముందు గింజల కుప్ప పోశారు. కొలిచేటప్పుడు కాపరి గొంగడి కొంగు పట్టి, ఏ చేను పేరు పిలిస్తే ఆ చేనును దీవించి గింజలెత్తుకోవడం ఆనవాయితీ. రఘుపతి ఒక్కో చెలక పేరు పిలిచి విడివిడిగా కొలిచాడు. "రాళ్లచెల్క" అన్నాడు. అప్పటికే దీవెనల ఊపులో ఉన్నాడు ఐలేశం. గడీ గింజలు తన కొంగులో పడుతుంటే వెనక తాతలంతా నిలబడి చూస్తున్నట్టే ఉంది. గొంతెత్తి అన్నాడు:

"చేను పండాలె, చేనుగల్ల ఆసామి సల్లగుండాలె!"

ఆ జొన్నలతో పని పరుగెత్తింది. కూలి ముట్టిన ఆడవాళ్లు కదురు దించలేదు. చింతగింజల గంజి పెట్టిన గొంగళ్లు కర్రల్లా బిగిసి నిలబడ్డాయి. దేవరకొండలో పొద్దు తిరగకముందే అన్నీ అమ్ముడుపోయాయి. ఒక సాహుకారు చేత్తో తడిమి చూసి, దసరా లోపు మళ్లీ అంతకు రెండింతలు కావాలన్నాడు. తండ్రి కాళ్లకు రుద్దే తైలం కొనుక్కుని, తొలివానలో తడుస్తూ, ఎగిరినట్టు నడిచొచ్చాడు ఐలేశం. వాగు దాటేసరికి రాళ్లచెల్కలో గడీ ఎడ్లు దున్నుతున్నాయి.

పెద్దలు కూచున్నారు. రఘుపతి గొంతు పెంచనే లేదు.

"చెన్నన్నా, మంద గింజలు ఎవరు కొలుస్తరు?"

"చేను గల్లోడు."

"రాళ్లచెల్కకు ఎవరు కొలిచిన్రు?"

చెన్నయ్య తల వంచుకున్నాడు. "గడీ కొలిచింది."

"ఐలేశం ఏమని దీవించిండు?"

"ఆసామి సల్లగుండాలె అన్నడు. అబద్ధం ఎట్ల జెప్పాలె కొడుకా, గీ చెవులతోనే ఇన్న."

"నేను ఎరువుకు తీస్కున్న పెద్దయ్యా, చెల్కకు గాదు!" అరిచాడు ఐలేశం.

"సొంత చేన్ల మంద వెట్టుకొని పక్కోని గింజలు తీస్కున్న కురుమోడు ఏడన్న ఉన్నడారా?" అన్నాడు చెన్నయ్య.

చెల్క గడీదేనని తేల్చి పెద్దలు లేచిపోయారు.

ఇంటికొచ్చి తండ్రిని పక్కకు తిప్పి, వీపు తుడిచి, తైలం రుద్దుతూ జరిగింది చెప్పాడు.

"గా దీవెన నువ్వు నేర్పిందే గదనే" అన్నాడు నిష్ఠూరంగా.

"నేను నేర్పిందే. గని నా చేన్ల నిలవడి నేనెన్నడు అనలేదురా," అన్నాడు గుర్వయ్య. "నాకు చేనేడిది?"

పొద్దు గూకేలోపు సోమమ్మ ఇంకో కబురు తెచ్చింది. "చెల్క పాలుకు చేస్తవా అని అడుగుమన్నడట రఘుపతి."

"నా మగ్గం వాని ఎడ్లు దున్నలేవని చెప్పు. ఆ నల్ల ఉన్ని ఇటియ్యి, సాహుకారు సరుకు మొదలువెడ్త."

గుంతలోకి దిగి పోగు సరిచేసుకున్నాడు ఐలేశం. ఎంత నేసినా తిరిగి రానిది ఒక్కటే, గడీ కలుపుకున్న ఆ మూడెకరాల పన్నెండు గుంటలు.