ఫోటో చూసి అమ్మిన ఇల్లు

లాయరు ఇనిస్ ఆ వీధి మొహం ఎన్నడూ చూడలేదు. దస్తావేజు మాత్రం రాసేశాడు: 'నేల, దానిపై ఉన్న చెక్క ఇల్లు సహా.' కొనే ఇంగ్లండు దంపతులు పంపిన ఫోటో చూసి రాశాడట. ఆ ఇల్లు ఎర్మిన్‌ది. ఆయిస్టిన్స్ రేవులో నలభై ఏళ్లు చేపలు కోసిన మనిషి ఆమె. కుళ్లిన సరుకుని వాసన చూడకుండానే పసిగట్టేది.

నేల ఊళ్లోని చెరకుతోట యజమానిది. ఎర్మిన్ దానికి అద్దె కట్టేది. ఇల్లు మాత్రం ఆమె తాత కట్టింది. సొంత నేల లేనివాళ్ల ఇళ్లన్నీ అంతే: పునాది ఉండదు, విడిరాళ్ల మీద కూర్చుంటాయి, పొమ్మంటే పలకలు విప్పి లారీ ఎక్కించుకు పోవచ్చు. బార్బడోస్‌లో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. మేడలో పుట్టి, లండన్‌లో చదివి, కారు అద్దాల్లోంచి దేశాన్ని చూసిన ఇనిస్‌కి తెలియలేదు.

కబురంపితే ఎర్మిన్ బ్రిడ్జ్‌టౌన్‌లో అతని ఆఫీసుకి వెళ్లింది. గంటసేపు కూర్చోబెట్టి, తల ఎత్తకుండా మాట్లాడాడు.

"నాలుగు వారాల్లో ఖాళీ చెయ్యాలి. ఇల్లు అమ్ముడైపోయింది."

"నా ఇల్లు ఎవరమ్మారు బాబూ?"

"నేల యజమాని."

"నేల అమ్ముకోమను. నా నెత్తిన టోపీ కూడా రాశావా అందులో?"

"చట్టం నీకర్థం కాదులే. నేలకి అతికిందేదైనా నేలతోనే పోతుంది."

"అతికిందా? వచ్చి చూశావా?"

"చూడక్కర్లేదు, కాగితాలున్నాయి," అని గుమాస్తాని పిలిచాడు. "ఈవిణ్ణి బయటికి పంపించు."

ఎర్మిన్‌కి కోపం కూడా రాలేదు. కోప్పడ్డానికైనా ఎదురుగా ఓ మనిషుండాలి, అక్కడున్నది సూటూ టైయే.

"కోర్టుకెక్కుదాం అక్కా," అన్నాడు వడ్రంగి డార్న్‌లీ.

"ఆ మొహంతో వాదించడానికి నా ఆయుష్షు తగలెయ్యనా? సుత్తి తీసుకురా."

ఇల్లు అప్పగించాల్సిన రోజు తెల్లవారుతూనే చర్చివాళ్లంతా వచ్చారు. మధ్యాహ్నానికి కప్పు, గోడలు, మెట్లు అన్నీ లారీ మీదకెక్కాయి. సెయింట్ ఫిలిప్ ప్రాంతంలో చెల్లెలికి సొంత జాగా ఉంది, అక్కడ నిలబెట్టుకుంటుంది.

ఇనిస్ కొన్నవాళ్లని వెంటబెట్టుకుని దిగాడు. ఎదురుగా రాళ్లు తప్ప ఏమీ లేవు.

"ఇల్లేదీ?" అంది ఇంగ్లండావిడ.

"ఇది దొంగతనం!" అని ఇనిస్ అరిచాడు.

"నా పలకలు, నా కిటికీలు. నీ నేల గుప్పెడు కూడా తీసుకుపోవట్లేదు, కొలుచుకో," అంది ఎర్మిన్ లారీ మీంచి.

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఎర్మిన్ గారూ, నా పరువు పోతుంది. దింపించండి. మీరేమంటే అదే."

"ఉన్నది పోతే కదా బాబూ బాధ," అంది. డార్న్‌లీ పగలబడి నవ్వాడు. ఇంగ్లండాయన ఇనిస్‌ని ఏదో అడుగుతున్నాడు, ఇనిస్ చేతిలోని దస్తావేజు తిరగేస్తున్నాడు. ఎర్మిన్ కడుపు నిండిపోయింది.

లారీ కదిలాక పెరటివైపు సీమపనస చెట్టు కనిపించింది. పెళ్లైన ఏడాది మొగుడు క్లెమెంట్ నాటాడు. మనిషి పోయి తొమ్మిదేళ్లు. చెట్టు మాత్రం ఏటా కాస్తూనే ఉంది. దాన్ని విప్పి ఎక్కించుకోవడం ఏ వడ్రంగి వల్లా కాదు. అది నేలకి అతికిందే, ఆ సూటుగాడి కాగితంలోకి నిజంగానే పోయింది. ఎర్మిన్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ వెధవ చూస్తాడేమోనని మొహం అటు తిప్పుకుని ఏడ్చింది.