కడిగిన చేపలు

గవరమ్మ రేషన్ కోసం వెళ్లి వచ్చేసరికి కొంప మునిగిపోయింది. దీవిలోని వండూర్ సముద్రపొడ్డున పాత వల పరిచి ఆవిడ ఎండేసుకున్న ఉప్పు కానాగంత చేపలన్నిటినీ ఇంగ్లండు పిల్లలు మంచినీళ్లతో శుభ్రంగా కడిగి, ముచ్చటగా వరసలు పేర్చి పెట్టారు. సేవ చేస్తామని సముద్రాలు దాటొచ్చిన పదహారేళ్ల పిల్లలు వాళ్లు. చేపల మీద ఇసకా ఈగలూ చూసి జాలిపడ్డారట. ఉప్పు కొట్టుకుపోయాక చేప నిలవుంటుందా? సాయంత్రానికల్లా మెత్తబడి కంపు కొట్టింది. సునామీలో పడవ పోయాక ఎండుచేపలమ్ముకునే బతుకుతున్న మనిషి ఆవిడ.

"ఓలమ్మో, నా సరుకంతా బర్బాద్ చేసీనారు!" అని నెత్తి కొట్టుకుంది.

వాళ్ల దొరసాని టీచరుతో కలిసి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన డాలీగంజ్ బడి మాస్టారు నారాయణమూర్తి తాపీగా నవ్వాడు.

"పోనిద్దూ గవరమ్మా. ఇలా సేవ చేస్తే పిల్లలకి ఎంత అనుభవమో తెలుసా?"

"అనుభవం ఆళ్లకీ, కంపు నాకూనా? ఆ దొరసాని టీచరుకి ఇదే మాట సెప్పండి మాస్టారూ!"

మాస్టారు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తన మాట వాళ్లకు చేరలేదని తెలిసి గవరమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఒక్క పిల్ల మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేపను వాసన చూసి మొహం చిన్నబుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే ఒంటరిగా వచ్చి, "దీదీ, సిఖావో" అని వచ్చీరాని హిందీలో నేర్పమంటూ కత్తి చూపించింది. తరిమేద్దామన్నంత కోపమొచ్చింది గవరమ్మకు. అయినా చేప వీపు చీల్చడం, పేగులు తీయడం, ఉప్పు దట్టించడం దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. తెగిన వేళ్లకు ఉప్పు తగిలి కళ్లనీళ్లు కారుతున్నా ఆ పిల్ల లేవలేదు. వారం తిరిగేసరికి పని చేతికొచ్చింది. గవరమ్మ నడుముకు కాస్త తెరిపి దొరికింది.

సరిగ్గా అప్పుడే ఆ పిల్లల జట్టును వెనక్కి తీసుకెళ్లడానికి వ్యాను వచ్చింది. ఆ పిల్ల గవరమ్మను కావలించుకుని ఏడ్చి ఎక్కింది.

"చూశావా, ఎంత నేర్చుకుందో!" మాస్టారు పొంగిపోయాడు. "రేపు ఇంకో జట్టు వస్తోంది. అంతా కొత్త పిల్లలే."

"పనొచ్చిన పిల్లని అట్టుకుపోయి, ఏటీ రానోళ్లని తెస్తారా? మళ్లీ మొదట్నించీ నానే నేర్పాలా?"

మాస్టారు అప్పటికే వ్యాను తలుపు వేసుకున్నాడు.

మర్నాడు గవరమ్మ ఎక్కడికీ వెళ్లలేదు. వ్యాను చప్పుడు వినబడగానే లేచి, చేపలకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.