కొనండి, కానీ…

నేను ఒక కానీ.

వాక్యం సగంలో ఆగిపోయిందని కంగారు పడకండి. ‘ఇస్తాను, కానీ…’ అని నసిగే బాపతు కానీని కాను నేను. ‘కానీ, కానీ, ముహూర్తం మించిపోతోంది!’ అని పురోహితుణ్ణి తరిమే కానీనీ కాను. పాత రూపాయిలో అరవై నాలుగో వంతు కానీని. నడుమ చిల్లు ఉంది కనుక చిల్లు కానీని. తెలుగువాళ్ళ నోట్లో ఈ ఒక్క మాట మూడు ఉద్యోగాలు చేస్తుంది, జీతం మాత్రం ఒక్కటీ లేదు. ఆ పుణ్యాన మొన్న ఆదివారం రాజమండ్రిలో ఒక బేరం, ఒక కాపురం నా పేరు మీద చిక్కులో పడ్డాయి.

జరిగింది ఇది. ఒక కల్యాణ మండపంలో నాణేల ప్రదర్శన, అమ్మకం. కాకినాడ నుంచి వచ్చిన సత్తిబాబు బల్ల మీద నేనూ, నా పక్కన రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయీ ఉన్నాం. బల్ల ముందు రిటైరైన ఆర్టీసీ కండక్టరు గనిరాజు గారు. ఆయన ఫోను స్పీకరులో పెట్టి ఆ ఊళ్ళోనే ఇంట్లో ఉన్న భార్యను అడిగారు.

“తాయారూ, రాణి బొమ్మ రూపాయి ఉందే. అరుదైన సంవత్సరమట, పన్నెండు వేలంటున్నారు. పక్కనే చిల్లు కానీ కూడా ఉంది, యాభై. ఏం చెయ్యమంటావ్?”

ఫోను “కొనండి, కానీ…” అంది.

సరిగ్గా అప్పుడే మైకు గర్జించింది. “ఉప్మా అయిపోవస్తోంది! టోకెన్లు ఉన్నవాళ్ళు తక్షణం రావలెను!” మైకు నోరు మూసే సరికి మంగతాయారు చెప్పదలచుకున్నది చెప్పేసి ఫోను పెట్టేసింది. గనిరాజు గారు తిరిగి చేస్తే ఎంగేజి.

ఆయన చెవికి చేరింది ‘కొనండి కానీ’. అంటే రూపాయి వద్దు, కానీ కొనండి అని. సత్తిబాబు చెవికి చేరింది ‘కొనండి. కానీ!’ అంటే ఇంకా ఆలోచనేమిటి, కానివ్వండి అని. ఇద్దరి చెవులూ మంచివే. చెడింది మధ్యలో మాట. గనిరాజు గారు నన్ను చేతిలోకి తీసుకుని ఇంటికి ‘కానీ తీసుకున్నా’ అని మెసేజి కొట్టారు. సత్తిబాబు రూపాయిని కవరులో పెట్టి పిన్ను కొట్టాడు.

ఆ పిన్ను కథకు ముందు నా పుట్టుక కొంచెం వినాలి. లేకపోతే నా విలువ మీకు తెలియదు. తెలిసినా యాభయ్యే అనుకోండి.

పంతొమ్మిది వందల నలభై నాలుగులో బొంబాయి టంకశాలలో పుట్టాను. యుద్ధం రోజులు. లోహమంతా తుపాకులకు కావాలి. దొరల ఖజానాకు చిల్లు పడితే ఆ చిల్లు తెచ్చి నా పొట్టలో పెట్టారు. అందరూ పొట్ట ఖాళీ అయితే చిక్కుతారు, నేను పొట్ట ఖాళీ అయ్యాకే చలామణీకి దిగాను. మిగతా నాణేల మీద రాజుగారి తల ఉంటుంది. నా మీద తల లేదు, కిరీటం మాత్రం ఉంది. తల లేకుండా కిరీటం పెట్టుకోవడం ఎలాగో మనుషులు నన్ను చూసి నేర్చుకున్నారో, వాళ్ళను చూసి నన్ను చేశారో చెప్పలేను.

మొదట నిడదవోలులో ఒక కాఫీ హోటలు గల్లాలో కూర్చున్నాను. తర్వాత ఒక పసివాడి మొలతాడు ఎక్కాను. వాడికి బట్టలు లేవు కనుక వాడి ఒంటి మీద ఉన్న ఆస్తి అంతా నేనే. వాడు పెద్దవాడై లాగూ తొడిగాక నాకు ఉద్యోగం పోయింది. నయాపైసలు వచ్చాక చెల్లుబాటూ పోయింది. చెల్లని కానీ అనిపించుకున్నాను గానీ చిల్లు కానీని కనుక ఒక సైకిలు షాపువాడు చేరదీశాడు. నట్టు కింద వాషరుగా ఇరవై ఏళ్ళు బిగిసి కూర్చున్నాను. ప్రభుత్వం ఇచ్చిన ఉద్యోగం కన్నా అదే గట్టి ఉద్యోగం. ఆ సైకిలు పాత ఇనుములోకి వెళ్ళినప్పుడు ఇనప కొట్టువాడు నన్ను ఊడదీసి, ఇంకో వంద పాత నాణేలతో కలిపి సంచిలో పోసి సత్తిబాబుకు అమ్మాడు.

సత్తిబాబు అప్పటికి ఈ వ్యాపారానికి కొత్త. నా ఒంటి నలుపు చూసి జాలిపడి, చింతపండు పెట్టి, రాగి బిందెను తోమినట్టు తోమాడు. తళతళలాడాను. ఆ తళతళతో రెండు వందలు చేసే నేను యాభైకి దిగాను. నాణేలు కొనే మనిషి వింత మనిషి. ఇంట్లో గిన్నె మీద మరక ఉంటే కేకలేస్తాడు, నాణెం మీద మరక ఉంటే కళ్ళకద్దుకుంటాడు. ఎన్నేళ్ళ మరకో అంత వెల. కాబట్టి కొనేవాళ్ళకు నా మొదటి సలహా: మరీ మెరిసేదాన్ని అనుమానించండి. అమ్మేవాళ్ళకు: చింతపండు పులుసులోకి వాడండి.

ఎక్కడ కొనాలంటారా? సంతలో, కాలిబాట మీద దుప్పటి పరిచినవాడి దగ్గర దొరుకుతాయి. అక్కడ కొన్నది రేపు మార్చుకుందామంటే దుప్పటీ ఉండదు, వాడూ ఉండడు. పేరున్న కొట్లో వెల ఎక్కువే, కానీ రసీదు ఇస్తాడు, బాగాలేకపోతే వెనక్కి తీసుకుంటాడు. (ఈ ‘కానీ’ నేను కాదు.) వేలంపాటలో చెయ్యి ఎత్తితే చాలు కొన్నట్టే, అందుకని అక్కడ చెవి కూడా గోక్కోకూడదు. ఇలాంటి ప్రదర్శనల్లో ఒక సుఖం ఉంది. పది బల్లలు పక్కపక్కనే ఉంటాయి, ఒక్కడు అబద్ధమాడితే తొమ్మిదిమంది దగ్గుతారు. ఇక ఫోనులో ఫొటో చూసి కొనడమంటే ఫొటో చూసి పెళ్ళి ఖాయం చేసుకోవడమే. వచ్చాక గానీ వంకర తెలియదు.

గనిరాజు గారికి ఆ వంకర కిందటేడు తెలిసింది. ముప్పై ఏళ్ళు బస్సులో చిల్లర లెక్కపెట్టిన చెయ్యి ఆయనది. కిందపడ్డ బిళ్ళ చప్పుడు విని అది పావలానో అర్ధరూపాయో చెప్పేవారు. సంచిలో వింత నాణెం పడితే తన జేబులోంచి అంత డబ్బు వేసి దాన్ని ఇంటికి తెచ్చుకునేవారు. అలా ఇంట్లో పదకొండు బిస్కెట్ డబ్బాలు నిండాయి. అంతటివాడు రిటైరయ్యాక ఫోనులో బొమ్మ చూసి పద్దెనిమిది వేలు పంపితే, పోస్టులో వచ్చింది పోతపోసిన దొంగ నాణెం. పక్క వీధి కుర్రకారు ‘కండక్టరు గారూ, చిల్లర ఉందా?’ అనడం మొదలెట్టారు.

ఆ రోజు మంగతాయారు గొంతు పెంచలేదు. అదే భయం. “ఇంకొక్కసారి ఇలా జరిగిందా, పదకొండు డబ్బాలూ పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తాను” అంది. ఆవిడ మాట అంటే రసీదు ఇచ్చినట్టే. ఇకమీదట ఆవిడను అడగకుండా ఏదీ కొననని గనిరాజు గారు ఒట్టేశారు. అదీ ఆ ఫోను సంగతి. పన్నెండు వేల కంటే ఆ పదకొండు డబ్బాలే ఆయన గుండెల్లో గంట కొడుతున్నాయి.

ఇక పిన్ను దగ్గరికి వద్దాం.

“పన్నెండు వేలండి” అన్నాడు సత్తిబాబు.

“యాభై కదయ్యా!” అని గనిరాజు గారు నన్ను చూపించారు.

“అదేంటండి? అమ్మగారు కానీ అన్నారు కదండి!”

“కానీ అంది కాబట్టే కానీ తీసుకున్నా.”

“ఆ కానీ కాదండి. కానీ అంటే కానిమ్మని!”

“మా ఆవిడ ఎప్పుడూ నన్ను దేన్నీ కానిమ్మనలేదు బాబూ. ముప్పై నాలుగేళ్ళ కాపురం.”

చుట్టూ జనం చేరారు. సత్తిబాబు ముఖం ఎర్రబడింది. “ఇందాక తునివారొకాయన ఈ రూపాయికి పదకొండున్నర ఇస్తానన్నారండి. బేరమైపోయిందని పంపించేశాను. ఆయన బస్సెక్కేశారు. ఇప్పుడు మీరు కానీ గీనీ అంటే నా గతేం కానండి?”

“ఏదైనా కానీ, రూపాయి నేను కొనలేదు.”

“ఏదైనా కానీ అంటున్నారు, డబ్బు మాత్రం కట్టనంటున్నారు!”

ప్రదర్శన పెట్టిన నాణేల సంఘం కార్యదర్శి పేరిశాస్త్రి గారు మైకు చేత్తో పట్టుకునే వచ్చారు. ఉప్మా ప్రకటన చేసింది ఆయనే. పూర్వం లెక్చరరు కనుక ఇరుపక్షాలూ విన్నారు. కానీ ముందు వినిపించినవారి పక్షమే న్యాయంగా తోచడం ఆయన బలహీనత. “గనిరాజు గారూ, మన ప్రదర్శనలో నోటిమాటే రాతకోత. అందరూ విన్నారు. మాట తప్పారంటే వచ్చేసారి మీకు బల్ల దగ్గర నిలబడే మర్యాద ఉండదు” అన్నారు.

గనిరాజు గారి చెయ్యి నెమ్మదిగా పర్సు మీదికి పోయింది. కట్టకపోతే పదిమందిలో పరువు పోతుంది. కడితే ఇంట్లో డబ్బాలు పోతాయి. ఆయన అరచేతిలో నేను చెమటకు తడిశాను. నేను కాఫీ హోటలు గల్లాలో కూడా అంత వేడి చూడలేదు. ఆయన ఆరు నోట్లు లెక్కపెట్టారు. ఏడోది తీస్తుండగా గుమ్మం దగ్గర ఆటో చప్పుడు, వెనకే చెప్పుల చప్పుడు.

“ఏవండీ! ఆగండి! కట్టేశారా?”

మంగతాయారు. జడ కూడా పూర్తిగా అల్లుకోలేదు. ఫోను చేత్తో ఊపుతూ వచ్చింది. “ఏంటండీ ఈ మెసేజి? తూచమని నేను చెబితే, ‘కానీ తీసుకున్నా’ అంటారా? నా మాట ఏమైనా కానీ, మీరు మాత్రం తీసేసుకున్నారా?”

“నువ్వే కదే కానీ కొనమన్నావ్!”

“నేనా? ఎప్పుడు?”

గనిరాజు గారు అరచేయి విప్పారు. ఆవిడ నన్ను చూసింది. భర్తను చూసింది. మళ్ళీ నన్ను చూసింది. నా చిల్లులోంచి ఆవిడ కళ్ళలో కోపం నవ్వుగా మారడం నాకు బాగా కనిపించింది. కానీ ఆవిడ నవ్వలేదు, సత్తిబాబు వైపు తిరిగింది.

“తమ్ముడూ, ఆ కవరు విప్పు. ఆ రూపాయి తూచారా?”

“వెండేనండి, అయస్కాంతానికి అంటలేదు. అంచు గీతలు కూడా చూశారు మీ వారు.”

“అంటకపోతే వెండేనా? మా అమ్మది మూలికల కొట్టు. ఇంగువైనా కరక్కాయైనా రూపాయెత్తు అంటే రూపాయి బిళ్ళ పెట్టే తూచేది. రూపాయెత్తంటే సరిగ్గా తులం. రూపాయి అబద్ధమాడితే కొట్టే మూసుకోవాలి. తూచు.”

పక్క బల్లవాడు బుల్లి కాటా ఇచ్చాడు. తులం అంటే పదకొండు గ్రాముల అరవై ఆరు. రాణిగారు కాటా ఎక్కారు. తొమ్మిది గ్రాముల ఎనభై దగ్గర ఆగారు. ఇంకోసారి ఎక్కించారు. రాణిగారు ఇంకోసారీ తొమ్మిదీ ఎనభయ్యే.

“వెండి కాదండీ, ఎండి చిక్కింది” అని ఎవరో అన్నారు.

సత్తిబాబు కుర్చీలో కూలబడ్డాడు. “ఏలూరులో ఒకాయన దగ్గర మూటలో కొన్నానండి. మంచిదేనా అంటే మంచిదే అన్నాడు. నేను ‘కానీండి’ అన్నాను. నేనూ తూచలేదు.” వాడి గొంతులో మోసం లేదు, మోసపోవడం ఉంది. గనిరాజు గారు పర్సు మూసి వాడి భుజం మీద చెయ్యి వేశారు. “బాధపడకు. నేను పద్దెనిమిది వేలు కట్టి నేర్చుకున్నా. నీకింకా తక్కువలో అయింది” అన్నారు. తుని పెద్దాయన బస్సెక్కడమే మంచిదైందని అందరూ ఒప్పుకున్నారు.

అయినా వెనక వరసల్లోవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. ఒకరు కాపురం గొడవ అంటున్నారు, ఒకరు దొంగతనం అంటున్నారు, ఒకరు ఉప్మాలో ఏదో పడిందంటున్నారు. పేరిశాస్త్రి గారు ఈసారి మైకు తను మాట్లాడకుండా మంగతాయారు చేతికిచ్చారు. “అమ్మా, ఆ వాక్యం మింగింది నా మైకే. మీరే కక్కించండి.”

ఆవిడ పమిట సర్దుకుని, పచారీ చీటీ చదివినట్టు చెప్పింది.

“అందరూ వినండి. ‘కొనండి, కానీ రూపాయెత్తు తూగుతుందో లేదో చూసి కొనండి’ అన్నాను. ‘కొనండి, కానీ’ దాకా మీరు విన్నారు, మిగతాది మైకు తినేసింది. మా ఆయన అది కానీ అనుకున్నారు, ఇదిగో, ఈ చిల్లుది. తమ్ముడేమో కానివ్వమన్నాననుకున్నాడు. మా ఆయన ‘కానీ తీసుకున్నా’ అని పెడితే, నా మాట కాదని రూపాయి తీసుకున్నారనుకుని నేను పరిగెత్తుకొచ్చాను. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. మాట తప్పిందీ ఎవరూ కాదు, తెలిసిందా?”

మండపమంతా నవ్వింది. పేరిశాస్త్రి గారు మాత్రం కొంచెం ఆలస్యంగా, ముగ్గురి అర్థాలూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాక నవ్వారు.

గనిరాజు గారు ఆ నవ్వులో కలవలేదు. నన్ను బల్ల మీద పెట్టాలో, జేబులో వేసుకోవాలో తెలియక భార్య ముఖం చూస్తూ నిలబడ్డారు. “తాయారూ, మరి డబ్బాలు…” అన్నారు చిన్నగా.

“ఉండనివ్వండి. మీ చెవులు మోసపోయాయి గానీ, మీరు మోసపోలేదు.” నన్ను ఆయన చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చిల్లులోంచి ఒకసారి మండపాన్ని చూసింది. “దీన్ని చింతపండుతో తోమింది ఎవరు?” సత్తిబాబు తల దించుకున్నాడు. “నలభై చేసుకో తమ్ముడూ.” వాడు తల ఊపాడు. ఆవిడ నన్ను తిరిగి ఆయన అరచేతిలో పెట్టింది.

“కొనండి” అంది. మైకు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది కనుక మండపమంతా విన్నది.

గనిరాజు గారు జేబులో చెయ్యి పెట్టి, పెట్టినచోటే ఆపారు. ఎదురుచూశారు. సత్తిబాబూ, పేరిశాస్త్రి గారూ, వెనక వరసలవాళ్ళూ, అందరూ ఎదురుచూశారు.

“ఏంటండీ అలా చూస్తారు?” అంది మంగతాయారు. “అంతే. ఇంకేం లేదు.”