ఇంటా వంటా లేనిది

మా దీవిలో, మేముండే మిన్నీ బే పేటలో, మూడు రోజులకోసారి ముప్పావు గంట నీళ్లొస్తాయి. ఆ కాస్త సేపట్లోనే డ్రమ్ములు నింపుకోవాలి, నా కూతురు సింధూరి దుప్పట్లు ఉతుక్కోవాలి. దానికి ఏడేళ్లు. ఒళ్లంతా దద్దుర్లు, చీముగడ్డలు. గోకిన చోటల్లా దుప్పటికి రక్తం అంటుకుంటుంది. నేను సబ్బు రుద్దుతుంటే మా అత్త గుమ్మంలో నిలబడి చూస్తుంది. సాయానికి చెయ్యి రాదు గానీ నోరు మాత్రం ముందుంటుంది.

"మా ఇంటా వంటా నేదమ్మా ఇలాంటి రోగం. మీ అమ్మోళ్ల నెత్తురిది."

అత్తంటే పరాయి మనిషేం కాదు. పోయిన మా నాన్నకి సొంత చెల్లెలు, గురువమ్మ. మన నెత్తురు మన ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టి, తన పెద్దకొడుకు పైడిబాబుకి నన్ను చేసుకుంది. పిల్ల ఒళ్లు చెడగానే ఆ నెత్తుర్లోంచి మా అమ్మ వాటా వేరుచేసి పాపమంతా దానికి అంటగట్టింది. అమ్మ ఆస్టినాబాద్ నుంచి బస్సెక్కి మనవరాల్ని చూడ్డానికొస్తే వరండా దాటనివ్వదు. అమ్మ అక్కడే కూర్చుని టీ తాగి వెళ్లిపోతుంది. జువాలజీ చదివి, మూడేళ్లు బళ్లో పాఠాలు చెప్పి, పిల్ల కోసం మానేసినదాన్ని నేను. నోరు మూసుకుని ఆ గ్లాసు కడిగి బోర్లిస్తాను. ఏం చదువో నాది, తగలెయ్యనా!

మూడు నెలల కిందట చెన్నైలో మా ముగ్గురి రక్తం తీసుకున్నారు. మొన్న మంగళవారం అక్కడి డాక్టరమ్మ నాకు వీడియో కాల్ చేసింది. రిపోర్టు మీ ఆయన ఫోనుకి పంపి నెలయింది, జవాబు లేదేమని అడిగింది. నాకు తెలియదంటే పాపం తనే నొచ్చుకుని, కాగితం మీద బొమ్మ గీసి చూపించింది.

మనల్ని కాచే తెల్లకణం రక్తంలో బాగానే తిరుగుతుందట. చర్మంలోకి రావాలంటే మాత్రం ఇరుకు సందుల్లో దూరాలి. అప్పుడు కణం లోపలుండే ఒక ప్రోటీన్ దాని ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. పైపొర ఎక్కడ సాగాలో, ఎక్కడ ముడుచుకోవాలో చూసుకుంటుంది. సింధూరికి ఆ ప్రోటీనే లేదు. సందులో ఇరుక్కున్న కణం చపాతీ పిండిలా సాగి సాగి తెగిపోతుంది. ఇక చర్మానికి కాపలా ఎక్కడిది? ఎముక మజ్జ మార్చాలి, దాత కోసం వెతుకుతున్నామంది.

"ఇది ఎవరి వల్ల వచ్చింది?" అన్నాను. నా బిడ్డ బతుకుతుందా అని కాదు, ఎవరి వల్ల అని! నన్నెలా తయారుచేశారో అప్పుడు అర్థమైంది నాకు.

"ఇద్దరి నుంచీ, దీదీ," అంది హిందీలో. ఒకే లోపం మా ఇద్దరిలోనూ దాగి ఉంది; ఒక్కరి నుంచి వస్తే ఏమీ కాదు, ఇద్దరి నుంచీ వస్తేనే రోగం. మా ఇద్దరికీ ఉమ్మడి పెద్దలు మా తాతా నానమ్మలే. నాన్న ద్వారా నాకు, అత్త ద్వారా బావకి వచ్చింది. అమ్మకి ఇందులో ఏ సంబంధమూ లేదు. మీ ఇంట్లో మళ్లీ మేనరికం అనుకుంటే ముందు ఇద్దరికీ పరీక్ష చేయించండి అని మరీ మరీ చెప్పింది.

ఆ వచ్చే ఆదివారమే మా చెల్లి భానుశ్రీకీ, మా మరిది పృథ్వీకీ తాంబూలాలు.

ఆ సాయంత్రం బావ హార్బర్ ఆఫీసు నుంచి రాగానే నిలదీశాను.

"రిపోర్టు నెల రోజులుగా నీ దగ్గరుందా బావా?"

"అరె, ఉంది కుమారీ. చెప్తే అమ్మ తట్టుకోగలదేటి? తాంబూలాలు అయిపోనీ, తర్వాత చూద్దాం."

"మరి నేను తట్టుకోవాలా?"

"నీకంటే అలవాటే కదా," అన్నాడు, చెప్పులు విప్పుకుంటూ.

కోపంగా అన్నా బాగుండేది. ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా అన్నాడు. నెల రోజులు అత్త మా అమ్మని తిడుతుంటే నేను దుప్పట్లు పిండుకుంటూ విన్నాను. అన్నీ తెలిసి ఆయన పక్కనే గడ్డం గీసుకుంటూ విన్నాడు. ఇప్పుడు ఇదే కొంపలో నా చెల్లిని తెచ్చి అలవాటు చెయ్యాలి కాబోలు. ఛీ! ఆ మనిషి పక్కన కూర్చుని అన్నం తినబుద్ధి కాలేదు.

ఆదివారం పెళ్లికూతురి తల్లి హోదాలో అమ్మని హాల్లోకి రానిచ్చారు. చాప అంచున ఒదిగి కూర్చుంది. భాను పట్టుచీర కట్టుకుని మెరిసిపోతోంది.

"కుమారీ, పళ్లెం పట్రా," అంది అత్త.

తెచ్చాను. ఇవ్వకుండా నా వెనక పెట్టుకుని నిలబడ్డాను.

"ముందు పృథ్వీకీ భానుకీ రక్త పరీక్ష చేయించండి. సింధూరి రోగం అమ్మ నుంచి రాలేదత్తా. నీ నుంచి బావకి, నాన్న నుంచి నాకు వచ్చింది. ఈ సంగతి బావకి నెల కిందటే తెలుసు."

"చుప్, కుమారీ!" అని అరిచాడు బావ.

భాను లేచొచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అత్త పెద్దకొడుకు వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు. దాంతో ఆవిడకి నమ్మక తప్పలేదు. మొహం పాలిపోయింది.

"అయితే నా తప్పంటావేటే, గుంటా?" అంది.

"నేనెక్కడన్నాను తప్పని? ఇన్నేళ్లూ ఆ మాట అన్నది నువ్వే అత్తా."