నిరుటి మరమ్మతు ఖర్చు

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటుంది వాళ్లమ్మ, నవ్వుతూనే. నవ్వుతూ అన్నా ఆ మాట పెద్దకూతురి చెవుల్లో సీసం పోసినట్టే ఉంటుంది. ఇంజనీరింగ్ ఎకనామిక్స్ రెండుసార్లు తప్పి, సిగ్గు చంపుకుని మూడోసారి క్లాసులో కూర్చుంటే పక్క బెంచీలో ఎవరు? సొంత చెల్లెలు! మిగతా పేపర్లన్నీ గట్టెక్కినా ఈ ఖర్చుల లెక్క ఒక్కటే అక్కకు కొరకరాని కొయ్య. చిన్నదేమో లెక్చరర్ ప్రశ్న పూర్తిచేసేలోగా జవాబు చెప్పేస్తుంది. అలా చెప్పినప్పుడల్లా అక్క కడుపు భగ్గున మండేది.

ఈసారి పోటీ ఉత్తుత్తిది కాదు. పంపుల ఫ్యాక్టరీలో పాత లేత్ మిషను ఒకటుంది. దాన్నే ఉంచుకోవాలా, కొత్తది కొనాలా? లెక్కగట్టి, క్లాసుకొచ్చే ఫ్యాక్టరీ మేనేజరు ముందు చెప్పాలి. బాగా చెప్పిన ఒక్కరికే అక్కడ ఉద్యోగం. అది తనకొస్తే ఇంట్లో మళ్లీ తలెత్తుకు తిరగొచ్చని అక్క ఆశ.

ముందురోజు సాయంత్రం చెల్లెలు స్నానానికి వెళ్లింది. దాని షీటు టేబుల్ మీదే ఉంది. అక్క ఊరుకుంటుందా? చూసింది. నిరుడు చేయించిన మరమ్మతు ఖర్చును కూడా పాత మిషను లెక్కలో కలిపేసింది మహాతల్లి! అక్క మొదటిసారి తప్పింది సరిగ్గా అక్కడే. మిషను ఉంచినా, తీసేసినా ఆ డబ్బు పోయినట్టే. ఇకమీద అయ్యే ఖర్చునే చూడాలి. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. పైగా ఆ పూట రెండోసారి వడ్డించుకుని మరీ తింది.

మర్నాడు లెక్చరర్ చెల్లెలి షీటు చూసి కళ్లజోడు తీశాడు.

"గోడకేసిన సున్నం తిరిగొస్తుందా అమ్మా? దాన్నెందుకు కలిపావు?"

క్లాసంతా నవ్వింది. "పొరపాటైంది సార్" అని చెల్లెలు తలొంచుకుంది. అక్క లెక్క కుదిరింది. ఉద్యోగం ఆమెదే అన్నాడు మేనేజరు.

బస్టాపులో అక్క నోరు ఊరుకోలేదు.

"అంత చిన్న తప్పు ఎలా చేశావే?"

"తొందరలో కలిపేశాను. నిన్న తువ్వాలు మర్చిపోయి వెనక్కొస్తే, నువ్వు ఆ అంకె మీద వేలు పెట్టి నిలబడ్డావు. అప్పుడు తెలిసింది తప్పని."

"మరి దిద్దుకోలేదేం?"

"చెబుతావేమోనని భోజనాల దాకా చూశానక్కా. చెప్పలేదు. పోనీలే, నాకన్నా నీకే ఎక్కువ అవసరమేమో అనుకున్నా."

బస్సొచ్చింది. చెల్లెలు పరిగెత్తి ఎక్కేసింది.

అక్కకు సిగ్గేసింది. కానీ సిగ్గుకన్నా ముందు కడుపే మండింది. ఆఖరికి గెలుపు కూడా దీని చేతి మీదుగానే రావాలా?

బస్సులో ఒక్క సీటే ఖాళీ. చెల్లెలు దానిమీద బ్యాగు పెట్టి, తను నిలబడి, "రా అక్కా" అని పిలుస్తోంది. అక్క వెళ్లి కూర్చుంది.