కొలిమికి మొదటి స్థానం

తెనాలి స్టేషన్ రోడ్డులో పున్నారావు క్యాసెట్ల కొట్టుకి ప్రతి నెలా రెండో శనివారం ముగ్గురు మనుషులు వచ్చేవాళ్ళు. మిగతా రోజుల్లో ఆ కొట్లో భక్తి పాటలు, సినిమా పాటలు అమ్ముడుపోయేవి. రెండో శనివారం మధ్యాహ్నం మాత్రం ఎదుటి టీ కొట్టతను చెవుల్లో దూది పెట్టుకునేవాడు. వాళ్ళు వినేది హెవీ మెటల్. పున్నారావు దానికి ‘రేకుల షెడ్డు సంగీతం’ అని పేరు పెట్టాడు. విసుక్కుంటూనే మూడు స్టూళ్ళు తుడిచి వేసేవాడు.

ముగ్గురిలో కృపారావు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. కొలకలూరు నుంచి సైకిలు మీద వస్తాడు. రెండోవాడు బ్రహ్మయ్య, రేపల్లెలో చేపల్నీ రొయ్యల్నీ ఐసులో సర్ది పంపే వ్యాపారం. ప్యాసింజరు దిగి, బజారులో పని చూసుకుని, ఆ వాసనతోనే వచ్చేస్తాడు గనక అతని స్టూలు ఎప్పుడూ గుమ్మం దగ్గరే. మూడో మనిషి పుష్పలత. బాపట్లలో టీచరు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తుంది. ఆమె అన్నయ్య మద్రాసు హార్బరులో పని చేస్తాడు. అతను తెచ్చే విదేశీ క్యాసెట్లు ఆమె మోసుకొస్తే, పున్నారావు మిగతా ఇద్దరికీ కాపీలు తీసిచ్చేవాడు.

వాటి ఇంగ్లీషు పేర్లు ముగ్గురూ చదవగలరు గానీ పలకడంలో ఎవరి దారి వారిది. అందుకని అట్ట మీద బొమ్మను బట్టి పేర్లు పెట్టుకున్నారు. గొలుసులున్నది ‘గొలుసు’. ఎముకల గుర్రం ఉన్నది ‘గుర్రం’. పాత క్యాలెండరు కాగితం వెనక ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి, పక్కన ఈ పేర్లు రాసి, కొట్టు గోడకి అంటించారు. అదే పట్టీ. అందులో ఏ క్యాసెట్టు పైకెక్కాలన్నా, కిందికి దిగాలన్నా ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదంటే అంతే సంగతులు. ఈ నియమం పెట్టిన పెద్దమనిషి కృపారావే.

నిజం చెప్పాలంటే అతనికి పట్టీ కంటే దాని మీద జరిగే తగువే ఇష్టం. వాదించేటప్పుడు పుష్పలత వేళ్ళు ఒళ్ళో సంచి మీద హార్మోనియం మెట్లు వెతుక్కుంటూ ఉండేవి. “అక్కడ డ్రమ్ము ఒక్క క్షణం ముందు పడిందండి, గమనించలేదా?” అని ఆమె అంటే, అతను ఇంటికెళ్ళి ఆ ముక్క నాలుగు సార్లు వినేవాడు. నాలుగోసారికి వినపడేది. అప్పుడు గదిలో ఒక్కడే కూర్చుని నవ్వుకునేవాడు. ముప్ఫై దాటుతున్నా పెళ్ళి మాటెత్తితే తప్పించుకు తిరుగుతున్నాడని ఇంట్లోవాళ్ళు సణిగేవాళ్ళు. నెలంతా ఈ మానవుడు ఏ శనివారం కోసం ఎదురుచూస్తున్నాడో వాళ్ళకేం తెలుసు? ఆ మాటకొస్తే అతనికే సరిగా తెలియదు.

ఎనభై ఎనిమిది ఏప్రిల్లో పుష్పలత కొత్త క్యాసెట్టు తెచ్చింది. ఎర్రగా మండే కొలిమి ముందు వీపు తిప్పి నిలబడ్డ మనిషి బొమ్మ. ‘కొలిమి’ అని నామకరణం అయిపోయింది. ఆవేళ ఆమెకి చర్చిలో పని ఉండి, క్యాసెట్టు ఇచ్చేసి వెంటనే రైలెక్కింది. కాపీ తీద్దామంటే పున్నారావుకున్న రెండు మిషన్లలో, అసలు క్యాసెట్టు పెట్టి పాడించే మిషను బెల్టు తెగి కూర్చుంది. కొత్త బెల్టు విజయవాడ నుంచి రావాలి. కృపారావుకి ఆత్రం ఆగలేదు. తన సైకిలు పాత ట్యూబు తెచ్చి, బ్లేడుతో సన్నటి రింగు కోసి, “ఇది వేసి చూడు బాబాయ్” అన్నాడు. మిషను తిరిగింది. అతనికొక కాపీ, బ్రహ్మయ్యకొక కాపీ వచ్చాయి. అసలు క్యాసెట్టుని పున్నారావు పోస్టులో బాపట్ల పంపేశాడు. ఆ తర్వాత వారానికి కొత్త బెల్టు వచ్చింది.

కృపారావు ఆ కాపీని రోజూ విన్నాడు. పాతది కొన్న గిటారొకటి ఉండేది. నేర్పేవాళ్ళు లేక సొంతంగా తంటాలు పడుతున్నాడు. ‘కొలిమి’ మొదట్లో లావు తీగ ఒంటరిగా మోగుతుంది. దానికే తన గిటారు శ్రుతి చేసుకున్నాడు.

ఎండలకి మే నెలలో ఎవరూ కలవలేదు. జూన్‌లో కలిశారు. స్టూలు మీద కూర్చోకముందే కృపారావు, “కొలిమికి మొదటి స్థానం. ఇంక మాటల్లేవు” అన్నాడు. “అంత బరువు నేనెక్కడా వినలేదండి. ఒక్కో దెబ్బా ధాన్యం బస్తా దింపినట్టుంది.”

“అవునక్కా, దిమ్మ తిరిగిపోయింది నాకైతే” అన్నాడు గుమ్మం దగ్గర నుంచి బ్రహ్మయ్య.

పుష్పలత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “బరువేంటండి? అది పరుగు కదా! మంచిదే, కాదనను. నాలుగో స్థానం ఇద్దాం. బరువుందని మొదటి స్థానం అంటే మాత్రం నేనొప్పుకోనండి.”

“పరుగా? మీ టేపురికార్డరుకి పిచ్చెక్కి ఉంటుంది.”

“దానికేం, శుభ్రంగా ఉంది. గుర్రం, గొలుసు అన్నీ దాంట్లోనేగా విన్నాను?”

ఆ మధ్యాహ్నం తెనాలిలో కరెంటు లేదు. ఉండి ఉంటే ఆమె తెచ్చిన అసలుదీ, కృపారావు కాపీ పక్కపక్కన వేసి ఐదు నిమిషాల్లో తేల్చుకునేవాళ్ళు. కరెంటు లేని కొట్లో చెమటలు కక్కుతూ గంటసేపు వాదించుకున్నారు. ఆమె ఒక్క మెట్టు దిగలేదు. కృపారావుకి పౌరుషం పొడుచుకొచ్చింది.

“అసలు మీరది విన్నారా? మీ అన్నయ్య తెచ్చిస్తే అట్ట చూసి మా చేతిలో పెట్టినట్టున్నారు. విన్నవాళ్ళం ఇద్దరం చెబుతున్నాం. ఈ సంగీతం అందరి చెవికీ అందదులెండి.”

సంచి మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి. చర్చిలో నలభై గొంతుల్లో ఏ గొంతు తప్పిందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి ఆమె. ఆ మనిషిని పట్టుకుని వినలేదన్నాడు.

“నా పేరు తీసేయండి. వినని మనిషి ఒప్పుకోలు మీకెందుకు?” అని లేచింది. రైలుకింకా గంటన్నర టైముంది. అయినా గొడుగు వేసుకుని స్టేషనుకి నడిచి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది ఇద్దరే. ఇద్దరూ ఒప్పుకున్నట్టే. కృపారావు కలం తీసి పట్టీ ముందు నిలబడ్డాడు. ఒకటో అంకె పక్కన ‘గుర్రం’ అని, ముగ్గురూ ఒప్పుకున్నాక తన చేత్తో రాసిందే ఉంది. దాన్ని కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

“అన్నా, నువ్వన్న మాట నేను మా ఆవిడ మహాలక్ష్మిని అంటే, వారం రోజులు నాకు అన్నం పుట్టదు” అన్నాడు బ్రహ్మయ్య, మెల్లగా.

జూలైలో ఆమె రాలేదు. ఆగస్టులో రాలేదు. పున్నారావు మూడు స్టూళ్ళు వేసి, కాసేపు చూసి, ఒకటి లోపల పెట్టేసేవాడు. కృపారావు మూడు ఉత్తరాలు రాసి మూడూ చించేశాడు. ప్రతిదాంట్లోనూ క్షమించమని మొదలుపెట్టి, చివరికి కొలిమి బరువు గురించే వాదించి ఉన్నాడు. ఏ క్యాసెట్టు పెట్టినా ఒక పాట వినేసరికి ‘దీనికి పుష్పలతగారేమంటారు’ అని బుద్ధి పుట్టేది. అనడానికి ఆమె లేదు. మీట నొక్కి ఆపేసేవాడు. తను ఆమెను ప్రేమిస్తున్నాడని అతనికి తెలిసొచ్చింది ఆ నెలల్లోనే, అదీ పోగొట్టుకున్నాక. దసరా దాటేసరికి అతని భయమల్లా ఒక్కటే, ఆమె ఇక ఎప్పటికీ రాదేమో అని.

డిసెంబరులో చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి బాపట్లలో క్రిస్మస్ పాటల కార్యక్రమం పెట్టుకున్నాయి. కొలకలూరు చర్చి సంఘంలో గిటారున్నవాడు ఒక్కడే గనక పాస్టరుగారు కృపారావుని పంపించారు. వెళ్ళనని అనలేదు. రైల్లో ఒళ్ళో గిటారు పెట్టుకుని, ఆమెతో చెప్పాల్సిన మాటలు పొన్నూరు దాకా సర్దుకున్నాడు. అప్పికట్ల దాటేసరికి అన్నీ మర్చిపోయాడు.

మధ్యాహ్నం మూడు గంటలకి ప్రాక్టీసు. పాతికమంది దాకా పిల్లలు, పెద్దలు. హార్మోనియం ముందు పుష్పలత. అతన్ని చూసి, “రండి” అంది, కొత్త మనిషిని పిలిచినట్టు. “గిటారు శ్రుతి చేసుకోండి.”

“చేసే ఉందండి.”

పాట మొదలైంది. రెండో చరణం దాకా కూడా పోలేదు. హార్మోనియం ఒక దారి, గిటారు ఒక దారి. వెనక వరసలో ఆడపిల్లలు నవ్వు ఆపుకోలేక పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పుష్పలత చెయ్యెత్తి పాట ఆపించింది. హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుని, “మీ లావు తీగ ఒక్కసారి మీటండి” అంది.

మీటాడు. గిటారు శ్రుతి కిందికుంది. కొంచెం కాదు, ఎవరికైనా తెలిసిపోయేంత కిందికి.

“దీన్ని దేనికి శ్రుతి చేశారండి?”

“కొలిమికి.”

ఆ మాట అంటూండగానే అతనికి తెలిసిపోయింది. సైకిలు ట్యూబు, బ్లేడు, తన ఆత్రం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డాయి. ఎండకి సాగిన రబ్బరు అసలు క్యాసెట్టున్న మిషన్ని నిదానంగా తిప్పింది. నిదానంగా తిరిగితే పాట నడక తగ్గుతుంది, గొంతు కిందికి దిగుతుంది, కాపీలోకి అదే ఎక్కింది. తను మొదటి స్థానం ఇమ్మని కొట్లాడిన ఆ బరువు తను కోసిన రబ్బరుది. పుష్పలత ముఖం చూస్తే ఆమెకీ అర్థమైందని తెలుస్తోంది. తీగలు పాతబడ్డాయనో, రైల్లో సడలిపోయాయనో అతను చెప్పుకోవచ్చు. దానికి వీలుగానే ఆమె తల వంచుకుని పుస్తకంలో పేజీ తిప్పుతోంది.

కృపారావు లేచి నిలబడ్డాడు. “ఆ రోజు విన్నది మీరేనండి. విననిది నేను. కొట్లో అందరి ముందూ అన్నాను గనక ఇక్కడా అందరి ముందే చెబుతున్నాను. తప్పు నాది.”

వాళ్ళు దేని గురించి మాట్లాడుకుంటున్నారో చర్చిలో ఒక్కరికీ బోధపడలేదు. అయినా నవ్వులు ఆగిపోయాయి. పుష్పలత ఆ మెట్టు మళ్ళీ నొక్కింది. “బిగించండి… ఇంకొంచెం… చాలు” అంటూ ఆరు తీగలూ తనే దగ్గరుండి సరిచేయించింది. ఆ తర్వాత సాయంత్రం దాకా పాటలు సజావుగానే సాగాయి.

ప్రాక్టీసు అయ్యాక అతను గిటారు సంచిలో పెడుతుంటే దగ్గరికొచ్చింది. “ఆ కాపీ ఎక్కడుందండి?”

“ఈ సంచిలోనే ఉందండి. పారేస్తాను.”

“పారేయడమేంటి? నాకు వినిపించండి. అసలు ఏం విని నన్నంత మాటన్నారో నేనూ వినాలిగా.”

చర్చి వెనక వీధిలోనే ఆమె ఇల్లు. వాళ్ళమ్మ ఏసమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. పరిచయాలయ్యాక చేట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. పుష్పలత క్యాసెట్టు పెట్టింది. లావు తీగ మోగింది. ఆమె గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. కృపారావు పాట వినలేదు, ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాడు. మొదట ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత విడిపోయాయి. మూడో పాటకి ఆమె వేళ్ళు మోకాలి మీద కదలడం మొదలుపెట్టాయి. అది చూసేసరికి అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మొదటి వైపు అయిపోయి మీట టక్కుమని లేచింది.

“ఇది వేరే క్యాసెట్టండి” అంది ఆమె. “దీన్ని చేసినవాళ్ళు కూడా దీన్ని ఇలా విని ఉండరు. నా దగ్గరున్నది పరుగు. ఇది… మీరు బస్తా అన్నారు చూడండి, నిజమే. ఇది వినిపించి ఉంటే నేనూ మొదటి స్థానమే అనేదాన్ని.”

“పట్టీ సంగతి వదిలేయండి. ఈ ఆరు నెలల్లో నేను ఒక్క క్యాసెట్టూ పూర్తిగా వినలేదు. మీరేమంటారో తెలియకపోతే నాకు పాట చివరిదాకా వినబుద్ధి కావడం లేదు. ఇదివరకు పాటల కోసం వస్తున్నాననుకున్నాను. కాదండి. మీ కోసం వచ్చేవాణ్ణి.”

ఆమె చీర కొంగు అంచు సరిచేసుకుంది.

“ఆ రోజు మీరన్న మాట నేను మర్చిపోనండి. రైల్లో బాపట్ల దాకా ఏడ్చాను.”

“మర్చిపోవద్దండి.”

“నేను కూడా ఏ క్యాసెట్టూ వినలేదు” అంది ఆమె. “తగువు పడేవాళ్ళు లేకపోతే ఏం బాగుంటుంది?”

“ఇంకెప్పుడూ మీరు వినలేదని అనను.”

“అనండి. కాకపోతే పక్కన కూర్చుని, ఇద్దరం ఒకే మిషను మీద విన్నాక అనండి.”

ఆమె క్యాసెట్టు తీసి తిప్పబోతుంటే వంటింట్లోంచి ఏసమ్మ గొంతు వినిపించింది. “బాబూ, ఆ గోల రెండో వైపు కూడా ఈవేళే వింటారా, లేకపోతే మీ పాస్టరుగారు మా పాస్టరుగారితో సంబంధం మాట్లాడాక వింటారా?”

“అమ్మా!” అంది పుష్పలత. అంతేగాని, కాదని మాత్రం అనలేదు.