బావ పేరు

శుక్రవారం వచ్చిందంటే వీరదుర్గకి పని రెండింతలు. మిగతా రోజుల్లో ఇల్లు తుడవడం, బట్టలు ఉతకడం, ముసలాయన ఒక్కడికి వండి పెట్టడం. శుక్రవారం వీటికి తోడు, పాత ఈజిప్టు సమాధుల గోడల మీద బొమ్మల్లో ఉండే రొట్టెలు కాల్చాలి. అవి మన రొట్టెల్లా పల్చగా ఉండవు. గరాటుల్లాంటి మట్టి మూసల్ని ముందు నిప్పుల మీద బాగా కాల్చి, పాతకాలపు రకం గోధుమల పిండిని జారుగా కలిపి పోస్తే, కాసేపటికి కోసుగా బురుజుల్లాంటి రొట్టెలు ఊడివస్తాయి. మొదట్లో సగం మూసలకే అంటుకుపోయేవి. నూనె రాసి చూడమని ముసలాయన కొడుకు చెప్పాక ఆ గొడవ తీరింది.

ముసలాయన పేరు మమ్‌దూహ్. ఈజిప్టు మనిషి. కల్బాలో బడిపిల్లలకి చరిత్ర చెప్పి, రిటైరయ్యాక కొడుకు ఉన్న ఊరు కదా అని అక్కడే ఉండిపోయాడు. కల్బా అంటే దుబాయ్ కాదు. దుబాయ్ ఒక వైపు, మధ్యలో ఎండకి మాడిన కొండలు, వాటికి ఇవతల తూర్పు సముద్రం ఒడ్డున కల్బా. కానీ వీరదుర్గ సొంతూరు భైరవపాలెంలో వాళ్ళకి విమానం దిగిన చోటల్లా దుబాయే. వీరదుర్గ కూడా అత్తతో ఫోన్‌లో "ఇక్కడ దుబాయ్‌లో" అనే అంటుంది. కొండలన్నీ వివరించే ఓపిక ఎవరికుంది?

2020లో బడులు మూసేసి కంప్యూటర్లో పాఠాలు చెప్పిన రోజుల్లో మమ్‌దూహ్ ఈ వంటలు మొదలుపెట్టాడు. వేల ఏళ్ళ కిందట తమ దేశంలో దేవుళ్ళకీ పోయినవాళ్ళకీ ఏం పెట్టేవారో పిల్లలకి కెమెరా ముందు చేసి చూపించేవాడు. రొట్టెలు, ఉల్లికాడలు, ఖర్జూరాలు, కాల్చిన బాతు, కుండలో బీరు. షార్జా పాలనలో ఉన్న ఊళ్ళో బీరు మాట ఎత్తకూడదు కాబట్టి, బార్లీ రొట్టెని నీళ్ళలో నానబెట్టి, పులవకముందే వడగట్టేసేవాడు. వీరదుర్గ వచ్చాక దానికి తరవాణి అని పేరు పెట్టింది. పులవని తరవాణి ఏం తరవాణి అని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఇది పూజ కాదు, పాఠం అని ఇరుగుపొరుగుకి ముందే చెప్పి ఉంచాడు.

మరుసటేడు ఆయన భార్య నగ్వా పోయింది. ఆ తర్వాత ఓ శుక్రవారం ఆయన పళ్ళెం సర్ది, ఆనాటి పూజారులు పలికే మాటలు చదువుతున్నాడు. వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల పానీయం, వెయ్యి బాతులు, ఫలానావారికి అని ఉంటుంది. ఫలానా అన్న చోట నోటి అలవాటు కొద్దీ నగ్వా అనేశాడు. పళ్ళెం ఉన్న గది తలుపు మూసి, కాసేపాగి తెరిస్తే రొట్టె అంచు కొరికి ఉంది. నగ్వా ముందు పళ్ళ మధ్య ఉండే సందు కూడా అందులో కనబడుతోంది. కొడుకు కరీం ఆ ఊళ్ళోనే పళ్ళ డాక్టరు కాబట్టి ఇక సందేహానికి తావు లేకపోయింది. అప్పట్నుంచి కరీం ప్రతి శుక్రవారం వచ్చి పళ్ళెం చూసి, అమ్మకి షుగరు, ఖర్జూరాలు తగ్గించండి అని చెప్పి వెళ్తుంటాడు.

వీరదుర్గ ఈ దేశం వచ్చింది డబ్బుకి కాదు, మొగుణ్ణి వెతుక్కోవడానికి. అతను ఆమెకి మేనత్త కొడుకు. కల్బాకి దగ్గర్లోని రేవు ఖోర్ ఫక్కాన్‌లో చేపల లాంచీ మీద పనికొచ్చాడు. 2019లో సముద్రంలోకి వెళ్ళిన ఆ లాంచీ తిరిగి రాలేదు. ఇరాన్ ఒడ్డుకి కొట్టుకుపోయి అక్కడ జైల్లో ఉన్నారని కొందరు, గాలికి మునిగిపోయారని కొందరు. ఆమె ఇంటిపని వీసా మీద వచ్చి, సెలవు దొరికినప్పుడల్లా రేవులో, పోలీసు ఠాణాలో, లాంచీల వాళ్ళ దగ్గర అడిగింది. ఎవరూ ఏదీ తేల్చలేదు.

ఇప్పుడు తేలాల్సిన అవసరం వచ్చింది. సందు చివర కొట్లో పనిచేసే శ్యాంప్రసాద్‌ది అమలాపురం వైపు. ఆమె కోసం కరివేపాకు, కొత్త చింతపండు పక్కన తీసిపెడతాడు. ఓ రోజు చింతపండు పొట్లం అందిస్తూ, నన్ను చేసుకుంటావా అని అడిగాడు. ఆమె బిత్తరపోతే, తొందరేం లేదు గానీ ఏదో ఒకటి చెప్పు అన్నాడు. ఏం చెప్పగలదు? తాను మొగుడున్న మనిషో, లేని మనిషో తనకే తెలియదు. అత్త దగ్గర దాచలేదు. అత్త అంతా విని, వాడు ఉన్నాడో లేడో తెలీకుండా ఔననీ అనలేను, కాదనీ అనలేను అంది.

అందుకే ఓ శుక్రవారం, నగ్వా పళ్ళెం తీసేశాక, నేనూ ఒకరికి పెట్టొచ్చా బాబా అని అడిగింది. ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆమె రొట్టె పెట్టి, వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల తరవాణి మా బావకి అని తెలుగులోనే చెప్పుకుంది. తలుపు తెరిచాక చూస్తే పలుకు కూడా రాలలేదు. పోయినవాడైతే తినేవాడు. తినలేదంటే ఉన్నాడు. ఆ వారమంతా గిన్నెలు తోముతూ కూనిరాగాలు తీసింది. కొట్టు వైపు మాత్రం వెళ్ళలేదు.

గురువారం టీ తాగుతూ ముసలాయన అడిగాడు.

"ఏమని పిలిచావు?"

"బావా అని."

"అతని పేరు అదా?"

పేరు కాదు, వరస అని చెప్పింది. మేనత్త కొడుకు బావ, తనకన్నా పెద్దవాడైన మేనమామ కొడుకూ బావే, అక్క మొగుడూ బావే. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నవ్వు ఆపేశాడు.

"అంతమంది బావల్లో ఎవరు రావాలి బింతీ? పేరు లేకపోతే వాళ్ళకి దారి తెలీదు. గోడ మీద పేరు చెరిపేస్తే ఇక ఆ మనిషి ఆకలితోనే ఉండిపోతాడని మావాళ్ళు నమ్మేవాళ్ళు."

బింతీ అంటే కూతురా అని. ఆమెని ఆయన ఎప్పుడూ అలాగే పిలుస్తాడు.

మొగుడి పేరు ఆడది నోటితో అంటే అతని ఆయుష్షు తరుగుతుందని చిన్నప్పుడే ఆమె చెవిన వేశారు. బావా అని పిలిచే మనిషికే ఇచ్చి చేశారు కాబట్టి ఆ పేరుతో ఎన్నడూ పని పడలేదు. ఠాణాలోనూ రేవులోనూ పాస్‌పోర్టు జిరాక్సు చూపించి, ఈయన అండీ అందే తప్ప పలకలేదు. ఇప్పుడు పలికితే? బతికి ఉంటే తన నోటితో తానే కీడు చేసినట్టు. పలక్కపోతే ఆ వారంలా అన్ని వారాలూ సంతోషంగా గడుపుకోవచ్చు. రొట్టె అలాగే ఉంటుంది, బావ ఎక్కడో ఉంటాడు. ఆ సంగతి శ్యాంప్రసాద్‌కి కూడా చెప్పేయొచ్చు.

కానీ ఆకలి అన్న మాట ఆమెని వదల్లేదు. నిజంగానే పోయి ఉంటే, ఇన్నేళ్ళూ పస్తేనా?

మర్నాడు పొద్దున్నే చేపల బజారుకి వెళ్ళి వంజరం తెచ్చింది. పులుసు పెట్టింది. ఆ కాలపు పళ్ళెంలో చేపల పులుసు ఉండేదో లేదో గానీ మమ్‌దూహ్ అడ్డు చెప్పలేదు, ఎవరికి ఏది ఇష్టమో అదే గోడ మీద గీయించుకునేవాళ్ళు అన్నాడు. రొట్టె, ఉల్లికాడలు, కుండ, వాటి పక్కన అన్నం గిన్నె, పులుసు గిన్నె, పళ్ళెం సర్దింది. వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల తరవాణి, వెయ్యి చేపలు, అని ఆగిపోయింది. ముసలాయన తల దించుకుని నిలబడ్డాడు.

"అంజిబాబుకి" అంది.

ఆ పేరు తన గొంతులో ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

తలుపు తెరిచేసరికి పులుసు గిన్నె ఖాళీ. ముళ్ళు పళ్ళెం అంచున ఓ పక్కకి చేర్చి ఉన్నాయి. అన్నం గిన్నెలో గరిటె మళ్ళీ దిగిన గుర్తు ఉంది. రొట్టె జోలికి మాత్రం పోలేదు. ముసలాయన తనలో తాను ఏదో చదువుకున్నాడు. ఆమె పళ్ళెం తీయబోతే ఆపి, తనే వంటింట్లోకి పట్టుకెళ్ళి కడిగాడు.

ఆమె వసారాలో కూర్చుని అత్తకి ఫోన్ చేసింది.

"అత్తా, ఇవాళ అన్నం పెట్టాను."

"ఎవరికే?"

"అంజిబాబుకి."

కోడలి నోట కొడుకు పేరు అత్త వినడం అదే మొదటిసారి.

"తిన్నాడా?"

"తిన్నాడత్తా. మళ్ళీ వడ్డించుకున్నాడు."

"ఏం పెట్టావు?"

"వంజరం పులుసు."

"మరి తినడూ" అంది అత్త. "కుండలో ఏమన్నా మిగిలిందా?"

"రెండు ముక్కలున్నాయి."

"ఒకటి డబ్బాలో పెట్టి ఆ కొట్టబ్బాయికి ఇచ్చిరా. రెండోది నువ్వు తిను. వాడి కోసం ఏడవడానికి నేనున్నాను కదే, నువ్వు తిను."